బీరువా మీద చెయ్యి

డయాలిసిస్ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మా పాత డాక్టరమ్మ పంపుతుంది. చెన్నై వ్యాసర్పాడిలో రైల్వే యార్డు పక్క సందుల్లో మా ఇల్లు వెతుక్కుని, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటారు. కాసేపటికి అందరూ అడిగేది ఒకటే. కంప్యూటర్లు వచ్చాక మీ పని ఎలా మారింది సార్, అని. పని సులువయింది, ఖర్చు తగ్గింది, రోగులకి మేలు జరిగింది అని చెప్పి, కాఫీ ఇచ్చి పంపుతుంటాను. అదంతా నిజమే. కానీ అందులో నా సంగతి లేదు. కంప్యూటర్లు వచ్చినప్పుడు నాకు జరిగింది ఒక్కటే, కడుపు మండింది. ఆ మంట గురించి, పిల్లలూ, మీ పాఠాల్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను. మీకంటే చిన్నవాళ్ళు మీ గదిలోకి వచ్చే రోజు మీకూ ఉంటుంది.

మా ఆసుపత్రి కోడంబాక్కంలో, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. ఒక ధర్మ ట్రస్టు నడిపేది. మేడ మీద పొడవాటి గది, గోడ వెంబడి కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కన ఒక మిషను. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళు వారానికి రెండు మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు ఆ కుర్చీల్లో పడుకుంటే, మిషను వాళ్ళ రక్తం కడిగి, ఒంట్లో చేరిన నీళ్ళు తీసేస్తుంది. ఎన్ని నీళ్ళు తియ్యాలో మిషనుకి మనమే, అంటే నాలాంటి టెక్నీషియన్లే చెప్పాలి. తక్కువ తీస్తే ఇంటికెళ్ళాక ఆయాసం వస్తుంది. ఎక్కువ తీస్తే కుర్చీలోనే బీపీ పడిపోతుంది. అందుకని గదిలోకి రాగానే రోగిని తూచాలి. పోయినసారి వెళ్ళేటప్పటి బరువుకీ ఇవాళ వచ్చిన బరువుకీ తేడా ఎంతో, అన్ని నీళ్ళు తియ్యాలి. ఈ కథ అర్థం కావడానికి ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఆ నీళ్ళ దగ్గరే గొడవంతా. మా రోగులు రోజుకి తాగాల్సింది చాలా కొంచెం. చెన్నై ఎండలో, ఉక్కపోతలో, కళ్ళ ముందు కుండ పెట్టుకుని గొంతు తడుపుకోవద్దంటే ఎవరు మాత్రం ఆగుతారు? తాగుతారు. తాగినట్టు తూనిక మీద బయటపడుతుంది. డాక్టరమ్మ తిడుతుంది. కాబట్టి తూనిక ఎక్కేటప్పుడు ప్రతివాళ్ళకీ ఒక ఉపాయం ఉండేది.

వాళ్ళలో నాకు బాగా కావలసినవాడు ఒక టైలర్ మాస్టరు. సినిమాలకి దుస్తులు కుట్టేవాడు. వాళ్ళ తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మా వాళ్ళలాగే. పొద్దున మొదటి షిఫ్టులో కిటికీ పక్క కుర్చీలో డయాలిసిస్ చేయించుకుని, మధ్యాహ్నానికి నడుచుకుంటూ తన కుట్టు గదికి వెళ్ళిపోయేవాడు. ఆ కుర్చీ, ఆ షిఫ్టు ఉన్నాయి కాబట్టే ఆయన చేతిలో ఇంకా పని ఉంది. సాయంత్రాలు షూటింగులకి బట్టలు అందివ్వాలి కాబట్టి ఇంకో వేళకి మారడం కుదరదు.

తూనిక పక్కన మందులు పెట్టుకునే ఇనప బీరువా ఒకటి ఉండేది. మాస్టరు తూనిక ఎక్కి, ఏదో ఆలోచిస్తున్నవాడిలా కుడిచెయ్యి ఆ బీరువా మీద ఆనించేవాడు. చెయ్యి ఆనితే ఆ మేరకి బరువు తగ్గి చూపిస్తుంది. మొదటిసారి నేను చూసినప్పుడు, "తల తిరగతా ఉండాదన్నా, ఊరికే పట్టుకోనుండాను" అన్నాడు. "సరి సరి, పట్టుకో మాస్టర్" అన్నాను. అంతే. మళ్ళీ ఎప్పుడూ మేమిద్దరం ఆ చెయ్యి ఊసు ఎత్తలేదు. తూనిక మీద అంకె పైకి చదివి, ఆయన పరువు కాపాడి, కుర్చీ దగ్గరికి వెళ్ళాక ఆయన కాలి మీద బొటనవేలు నొక్కి చూసి, చెయ్యి ఎంత గట్టిగా ఆనిందో గుర్తు తెచ్చుకుని, ఆ చెయ్యి బరువు కూడా కలిపి మిషనుకి చెప్పేవాణ్ణి. ఆయన మర్యాద ఆయనది, నా మర్యాద నాది. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగింది. డాక్టరమ్మ కూడా వచ్చి చార్టు చూడకుండా నా మొహం చూసి, ఈయనకి ఎంత తీద్దాం అని తమిళంలో అడిగేది. ఆ ప్రశ్న వినడం కోసమే నేను రెండు రైళ్ళు మారి పొద్దున్నే వచ్చేవాణ్ణేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంతలో రెండు వైపుల నుంచీ ఒత్తిడి వచ్చింది. మా రోగుల్లో ఎక్కువమంది ప్రభుత్వ బీమా కార్డు మీద వచ్చేవాళ్ళు. ఇకమీదట ప్రతి డయాలిసిస్ వివరం మిషను నుంచి నేరుగా తమకి చేరాలని, లేకపోతే డబ్బు ఇవ్వబోమని బీమా ఆఫీసు చెప్పింది. ఖర్చు తగ్గకపోతే ఆ గదే మూసేస్తామని ట్రస్టు పెద్దలు అన్నారు. దాంతో కొత్త మిషన్లు, వాటిని కలిపే కంప్యూటరు, గది గుమ్మం దగ్గర ఒక తెర, దాని పక్కన పాత తూనిక ఉన్నచోటే ఒక కొత్త తూనిక వచ్చాయి. రోగి కార్డు చూపించి ఎక్కితే బరువు తెర మీద పడుతుంది, తియ్యాల్సిన నీళ్ళ లెక్క తనంతట తనే మిషనుకి వెళ్ళిపోతుంది. కావాలంటే టెక్నీషియను మిషను దగ్గర దాన్ని మార్చుకోవచ్చు. బీరువా మాత్రం ఎక్కడికీ పోలేదు, తూనిక పక్కనే ఉంది.

వీటన్నిటితో పాటు గుంటూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది.

డయాలిసిస్‌లో డిగ్రీ చదివింది, కంప్యూటరూ వచ్చు. గుమ్మం దగ్గర తెర ముందు కూర్చుని రోగుల్ని తూచే పని ఆ పిల్లకి ఇచ్చారు. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి. వచ్చిన రెండో రోజే మా మాస్టర్ని "బాబాయ్" అని పిలిచింది. నేను ఇన్నేళ్ళలో ఆయన్ని మాస్టరనే పిలిచాను, వరస కలిపే ధైర్యం చెయ్యలేదు. మూడో కుర్చీ ముసలామె "పిన్ని" అయింది. పువ్వులు కట్టి అమ్ముకునే ఆమె "అత్తా" అయింది. నేను మాత్రం "సార్". గదిలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ పిల్ల చుట్టమయింది, నేనొక్కణ్ణే ఉద్యోగినయ్యాను.

పైగా ఆ పిల్ల తెలుగు. మా ఇళ్ళల్లో మాట్లాడేది సగం తమిళం కలిసిన తెలుగు. నా కూతురు నాతో తెలుగులో మొదలుపెట్టి రెండో మాటకి తమిళంలోకి వెళ్ళిపోతుంది. ఈ అమ్మాయి వాక్యం మొదలుపెడితే చివరిదాకా తెలుగులోనే వెళ్తుంది. మాస్టరు కళ్ళు మూసుకుని వినేవాడు. "ఎంత బాగా మాట్లాడతాదన్నా ఆ పాప. ఇంకోసారి మాట్లాడితే బాగుండనిపిస్తాది" అని నాతోనే అన్నాడు. నాతో ఎందుకు చెప్పాలి? నేనేమన్నా మాట్లాడకుండా సైగలు చేస్తున్నానా?

ట్రస్టు వార్షిక సమావేశంలో ఆ పిల్ల తెర మీద రంగురంగుల కడ్డీల బొమ్మలు చూపించింది. సెలైను వాడకం ఇంత తగ్గింది, రక్తం కడిగే ఫిల్టర్లు ఇంత మిగిలాయి, అని. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి, ఈ అమ్మాయి మన గదిని నిలబెట్టిందన్నాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. అన్నేళ్ళు ఆ ఫిల్టర్లని నా చేతుల్తో కడిగి, మందు నింపి, ఎవరివి వాళ్ళకి దాచి ట్రస్టు ఖర్చు మిగిల్చింది నేను. నా పొదుపుకి ఎవరూ బొమ్మ గియ్యలేదు. ఆ రోజు పెట్టిన సాంబారన్నం సగంలోనే వదిలేశాను. పక్కనున్న నర్సుతో వంట బాగాలేదన్నాను. అది అబద్ధం.

అన్నిటికంటే కుళ్ళు పుట్టించింది డాక్టరమ్మ. ఇదివరకు లోపలికి రాగానే నా దగ్గరికి వచ్చేది. ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆగి, తెర ముందు స్టూలు లాక్కుని, ఆ పిల్ల పక్కన కూర్చుంటుంది. ఆ స్టూలు నేను సూదులు గుచ్చేటప్పుడు కూర్చునే స్టూలు. నేను నిలబడి గుచ్చడం మొదలుపెట్టాను. ఎవరూ గమనించలేదు.

నేను ఆ తూనిక దగ్గరికి వెళ్ళడం మానేశాను. ఆ పిల్ల ఉన్న వైపు ఎందుకు వెళ్ళాలి? కుర్చీల దగ్గరే ఉండేవాణ్ణి. మాస్టరు వచ్చి కూర్చుంటే, మిషను తెర మీద ఆ పిల్ల పంపిన అంకె కనిపించేది. మాస్టరు చెయ్యి సంగతి నాకు తెలుసు కదా. అలవాటు ప్రకారం ఆ చెయ్యి బరువు కలిపి అంకె పెంచేవాణ్ణి. ఆ రోజు చెయ్యి గట్టిగా ఆనిందో, ఊరికే తాకిందో చూడకుండానే దాని బరువు కలుపుతున్నానని నాకు తట్టనే లేదు. కాలు నొక్కి చూసేవాణ్ణి కానీ, మనసంతా గుమ్మం దగ్గర వినిపించే నవ్వుల మీద ఉండేది.

ఈ కొత్త ఏర్పాటులో ఒక చిక్కుంది. ఎవరికన్నా బీపీ పడిపోతే తెర మీద వాళ్ళ పేరు ఎర్రబడుతుంది, ఆ ఎరుపు నేరుగా బీమా ఆఫీసుకి కూడా వెళ్తుంది. ఇదివరకు ఇలాంటివి మా గదిలో పుట్టి మా గదిలోనే సద్దుమణిగేవి. ఇప్పుడు లెక్కకొస్తాయి. మాకు ఐసీయూ లేదు. మాటిమాటికీ బీపీ పడే రోగిని మా దగ్గర ఉంచడం ప్రమాదమని, ఖర్చు కూడా ఎక్కువని, మూడుసార్లు ఎర్రబడితే పెద్దాసుపత్రికి మార్చాలని నియమం పెట్టారు. అక్కడ వైద్యం మంచిదే. కానీ దూరం, పైగా ఖాళీ ఉండేది సాయంత్రం షిఫ్టులోనే.

మాస్టరుకి ఆ ఏడాది రెండుసార్లు ఎర్రబడింది.

రెండోసారి పడ్డాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నన్ను ఆడికి పంపిస్తారా? సాయంత్రం షిఫ్టంటే నా పని పోతాదన్నా. పనిపోయినాక ఈ రక్తం కడిగి ఏం చేసుకునేది?"

"యాడికీ పంపరు మాస్టర్. నేనుండాను గదా" అన్నాను.

ఆ మాట అనగానే నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. గుమ్మం వైపు చూశాను, ఆ పిల్ల విన్నదో లేదో అని. ఆయన బీపీ ఎందుకు పడుతోందో మాత్రం నేను ఆలోచించలేదు. కొత్త మిషన్లు సరిగా లేవని నర్సులందరికీ చెప్పాను.

తర్వాత గూడూరులో మా మేనకోడలి పెళ్ళికి వారం సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి గది నా కోసం ఎదురు చూస్తుందనుకున్నాను. నేను లేకపోతే ఎంత ఇబ్బంది పడ్డారో ఒక్కొక్కరూ చెప్తారని రైల్లో ఊహించుకుంటూ వచ్చాను. పువ్వులామె "అప్పుడే వచ్చేసినారా?" అంది. మూడో కుర్చీ ముసలామె పెళ్ళి భోజనం గురించి అడిగింది. నేను లేనందుకు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ పిల్ల ఒక కొత్త పద్ధతి పెట్టింది. పొద్దున రోగులు రాకముందు అందరం తెర ముందు నిలబడి, నిన్న ఏం జరిగిందో, ఇవాళ ఎవరి విషయంలో జాగ్రత్తగా ఉండాలో చెప్పుకోవాలి. సరిగ్గా ఆ వేళకే నాకు టీ తాగాలనిపించేది. సెలవు నుంచి వచ్చిన రోజు కూడా మెట్ల వైపు వెళ్తుంటే వెనక నుంచి పిలిచింది.

"సార్, ఒక్క నిమిషం. బాబాయ్ బరువు సంగతి మీకు చెప్పాలి."

"టీ తాగొస్తానమ్మా. మాస్టర్ బరువు నాకు కొత్తా?"

"అది కాదండీ, పోయిన వారం నుంచి ఆయన..."

అప్పటికే నేను నాలుగు మెట్లు దిగాను. కింద వీధి చివర టీ కొట్టులో నిలబడి, బాబాయట, బాబాయ్ బరువట అనుకుంటూ నెమ్మదిగా తాగాను. పైకి వచ్చేసరికి మాస్టరు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెళ్ళి ఎట్ల జరిగిందన్నా అని అడిగాడు. ఒళ్ళో సాయంత్రం తీసుకెళ్ళాల్సిన జాకెట్టు, దానికి అద్దాలు కుట్టాలి. ఎడమచేతికి సూదులు గుచ్చాను. మిషను మీద అంకె చూశాను. ఎప్పటికంటే ఎక్కువే ఉంది. ఈయన నేను లేనప్పుడు బాగా తాగాడు అనుకుని, దాని మీద చెయ్యి బరువు కలిపాను.

మూడో గంటలో ఆయన చేతిలోంచి జాకెట్టు జారింది.

"అన్నా, కండ్లు తిరగతా ఉండాయి" అన్నాడు. మొహం తెల్లబడింది, కాలి పిక్క బిగుసుకుని అరిచాడు. నీళ్ళు తియ్యడం ఆపేసి, కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు పైకెత్తి సెలైను ఎక్కించాను. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి పిక్క రుద్దింది. మా ఇద్దరికీ ఆ కాసేపట్లో ఒకరి మీద ఒకరికి ఏ ఆలోచనా లేదు. బీపీ మెల్లగా పైకి లేచింది. ఆయన కళ్ళు తెరిచి ముందు అడిగింది, "ఎర్రది పడిందా?" అని.

గుమ్మం దగ్గర తెర మీద ఆయన పేరు ఎర్రగా ఉంది. అది మూడోది.

ఆ పిల్ల మిషను మీద అంకె చూసి, మళ్ళీ చూసింది. "సార్, ఇది నేను పంపింది కాదు. మీరు పెంచారా?"

"ఎప్పుడూ పెంచేదే. మాస్టర్ బీరువా మీద చెయ్యి పెడతాడు. నీకు తెలీదులే."

"తెలుసండీ. మీరు సెలవులో ఉన్నప్పుడు చూశాను. చెయ్యి ఎందుకు పెడుతున్నారు బాబాయ్ అని అడిగాను. తీసేశారు. వారం నుంచి చెయ్యి పెట్టడంలేదు. పొద్దున మీకు చెప్దామనే పిలిచాను."

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు పొరపాటు గుర్తుకు రాలేదు. మాస్టరు మొహం గుర్తుకు రాలేదు, ఆయన పక్కనే ఉన్నా. నాకు వినిపించింది ఒక్కటే. అడిగింది, తీసేశాడు. ఇన్నేళ్ళు నా ముందు ఆ చెయ్యి దాచి, నేను లేని ఒక్క వారంలో ఆ పిల్లకి నిజం చెప్పాడు. మా ఇంట్లో నా కంచంలో పరాయివాళ్ళు తింటున్నట్టు అనిపించింది. ఆయన కాళ్ళు పైకెత్తి పట్టుకుని నిలబడి నేను అసూయపడుతున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. రోగిని చూసి, ప్రమాదం దాటిందని తేల్చుకుని, తెర ముందు కూర్చుంది. మూడు ఎర్ర గుర్తులు ఒక దాని కింద ఒకటి తెరిచింది. ప్రతిదాని దగ్గరా నీళ్ళ అంకె మారినట్టు, మార్చింది మిషను దగ్గర ఉన్న మనిషే అన్నట్టు చూపిస్తోంది. ఎవరు మార్చారని అడిగింది. ఆ పిల్ల నేల చూస్తూ నిలబడింది. నన్ను కాపాడటానికి నోరు మెదపడంలేదని అర్థమయింది. ఆ మంచితనం కూడా నాకు గిట్టలేదు. మాస్టరు కుర్చీలోంచి మెడ తిప్పి మా వైపే చూస్తున్నాడు. పెద్దాసుపత్రికి వెళ్ళేదీ లేనిదీ ఆ తెర ముందే తేలుతుందని ఆయనకి తెలుసు.

"నేనే మార్చినాను. మూడుసార్లూ నేనే" అన్నాను.

డాక్టరమ్మ మూడు గుర్తులూ మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత తమిళంలో, అయితే ఈయన ఒంట్లో లోపమేం లేదన్నమాట అంది. బీమా ఆఫీసుకి ఆమె రాసి పంపింది అదే. బీపీ పడింది రోగి స్థితి వల్ల కాదు, నీళ్ళ లెక్క తప్పుగా పెంచడం వల్ల, రోగి ఇక్కడే కొనసాగవచ్చు, అని. మాస్టరుకి కిటికీ పక్క కుర్చీ మిగిలింది. నాకు ఒక మెమో వచ్చింది. ఇకమీదట నీళ్ళ అంకె మార్చాలంటే ఇంకొకరు కూడా ఒప్పుకోవాలని నియమం పెట్టారు. ఆ ఇంకొకరు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. అన్నేళ్ళ సర్వీసున్నవాణ్ణి, ప్రతి మార్పుకీ గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, ఇది సరేనా?" అని అడగాల్సి వచ్చింది. ఆ పిల్ల ప్రతిసారీ లేచి నిలబడి, "మీరు చూశారుగా సార్, సరే" అనేది. కూర్చున్నచోటు నుంచే ఆ మాట అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

రెండు మూడు రోజులు మాస్టరుతో ముభావంగా ఉన్నాను. ప్రాణం మీదికొచ్చింది ఆయనకి, అలిగింది నేను! చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ పాపకి చెప్పినావు. నాకెందుకు చెప్పలేదు మాస్టర్?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "ఏందన్నా చెప్పేది?"

"చెయ్యి సంగతి."

"అది మీకు తెలుసు గదా."

"నాకు తెలుసని నీకు తెలుసా?"

"తెలీకుండానా? నేను తగ్గించేది, మీరు ఎక్కించేది. బట్ట కోసేటప్పుడు లోపల కొంచెం గుడ్డ వదలతాం గదా, అట్ల అనుకున్నా. ఆ పాపకి అదంతా తెలీదు. తెలీనోళ్ళకి చెప్పాల గదన్నా. పైగా ఆ పాప అడిగింది."

"నేనడగలేదు" అన్నాను.

"మీరెందుకు అడగతారు, మీకు తెలుసు గదా" అన్నాడు మళ్ళీ, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

ఆ మాటతో నా అసూయ పోవాలి. పోలేదు. నాకు అబద్ధం చెప్పింది నమ్మకంతోనేనని తెలిసినా, నిజం చెప్పించుకున్న మనిషిని చూస్తే కళ్ళు మండుతూనే ఉన్నాయి. ఆ తర్వాత మాస్టరుకి ఒక్కసారి కూడా బీపీ పడలేదు. ఇద్దరం ఒప్పుకున్న అంకెలే మిషనుకి వెళ్ళాయి. ఆయన బీరువాకి దూరంగా, చేతులు రెండూ వదిలేసి, స్కూలు పిల్లవాడిలా తూనిక మీద నిలబడేవాడు. నాకు ఆ దృశ్యం అంత బాగుండేది కాదు.

నేను రిటైరయ్యే ముందు నెలలో ఒకటి జరిగింది. ఆ పిల్ల వేసుకునే తెల్ల కోటు ఆసుపత్రివాళ్ళు ఇచ్చింది, భుజాలు జారుతూ ఉండేది. మాస్టరు అది చూడలేక టేపు తెప్పించుకున్నాడు. ఎడమచెయ్యి మిషనుకి కట్టేసి ఉంది, కుడిచేత్తోనే కొలవాలి. ఆ పిల్ల వంగి టేపు రెండో కొస పట్టుకుంది. భుజం, చెయ్యి, నడుము, పొడవు, ఒక్కొక్కటీ ఆయన చెప్తుంటే పక్క కుర్చీ ముసలామె గుర్తు పెట్టుకుంది. గదంతా నవ్వులు. నేను ఆ మూల సెలైను సీసాలు సర్దుతున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ఇన్నేళ్ళలో ఆయన నాకు ఒక్కసారి టేపు పెట్టలేదు.

కోటు వచ్చింది. ఆ పిల్లకి అచ్చం అతికినట్టు ఉంది. డాక్టరమ్మ కూడా తిప్పి చూసి మెచ్చుకుంది.

నేను రిటైరయిన రోజు మేడ మీదే చిన్న సభ చేశారు. మొదటి షిఫ్టు రోగులు కుర్చీల్లోంచే చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల నా గురించి మాట్లాడింది, చివరిదాకా ఆ చక్కటి తెలుగులో. సార్ దగ్గర కాలు నొక్కి నీళ్ళు చూడటం నేర్చుకున్నానని, తెర చూసే ముందు ఇప్పటికీ ఒకసారి నొక్కి చూస్తానని చెప్పింది. అది నిజమో, ఆ రోజుకి తగ్గట్టు అన్నదో నాకు తెలియదు. నేను తల వంచుకుని విన్నాను. తర్వాత మాస్టరు ఒక పొట్లం ఇచ్చాడు. తెల్ల చొక్కా.

"కొలత తీసుకోకుండా కుట్టినావా మాస్టర్?"

"ఇన్నేళ్ళు ఎదురుగా చూస్తానే ఉండాను గదన్నా. మీకు టేపెందుకు? లోపల రెండు పక్కలా గుడ్డ వదిలినాను. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళొస్తాది, అప్పుడు విప్పుకోండి."

అక్కడే, వేసుకున్న చొక్కా మీదే తొడుక్కుని చూశాను. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి. అందరూ లడ్లు పంచుకుంటున్నారు. చేతులు కడుక్కునే నెపంతో పక్క గదిలోకి వెళ్ళాను. ఆ పిల్ల తెల్ల కోటు మేకుకి వేలాడుతోంది. తలుపు దగ్గరికి వేసి, కోటు లోపలి వైపు తిప్పి, పక్క కుట్టు చూశాను. తర్వాత రెండో పక్క కూడా చూశాను. అంచు సన్నగా, కొలతకి సరిగ్గా కోసి కుట్టి ఉంది. లోపల గుడ్డ వదల్లేదు.

కోటు మళ్ళీ ఎలా ఉందో అలాగే తగిలించి, గదిలోకి వచ్చి లడ్డు తీసుకున్నాను. నాకు షుగరు, డాక్టరమ్మ అటే చూస్తోంది. అయినా ఇంకొకటి అడిగి తిన్నాను.